ఆ మాత్ర ఎందుకు ఆపకూడదు?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్‌ అయిపోయింది. కీమో పూర్తయింది. జుట్టు కూడా మళ్లీ వచ్చింది. ‘అంతా తగ్గిపోయాక ఇంకా ఈ మాత్రలెందుకు?’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆమె కూడా మానేస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు మీ ఫైల్లోనే ఉంది. బయాప్సీ రిపోర్టులో ఈఆర్‌, పీఆర్‌ పక్కన ‘పాజిటివ్‌’ అని ఉందేమో చూడండి.

ఈఆర్‌ అంటే ఈస్ట్రోజెన్‌ రిసెప్టార్‌. కణం లోపల ఉండే ఒక ప్రొటీన్‌. ఈస్ట్రోజెన్‌ వచ్చి అతుక్కోగానే ఇది డీఎన్‌ఏ మీద వాలి, కణం పెరగడానికి కావాల్సిన జన్యువులను ‘ఆన్‌’ చేస్తుంది. ఇది చాలామంది విన్నదే. అంతగా వినని సంగతి ఇంకోటుంది. అదే రిసెప్టార్‌ మరికొన్ని జన్యువులను ‘ఆఫ్‌’ చేస్తుంది. వాటిలో పెరుగుదలకు కళ్లెం వేసేవీ, చెడిన కణాన్ని చచ్చిపొమ్మనేవీ ఉన్నాయి. అంటే యాక్సిలరేటర్‌ తొక్కుతూనే బ్రేకు వైరు కూడా తెంపేస్తుందన్నమాట.

టమాక్సిఫెన్‌ సరిగ్గా ఈస్ట్రోజెన్‌ కూర్చునే చోటే కూర్చుంటుంది. దాంతో రిసెప్టార్‌ ఆకారం మారిపోతుంది. జన్యువులను లేపే ప్రొటీన్లకు అక్కడ చోటుండదు. వాటి బదులు నిద్రపుచ్చే ప్రొటీన్లు, అంటే కోరెప్రెసర్లు, వచ్చి చేరి అక్కడి డీఎన్‌ఏను బిగించి చుట్టిపెడతాయి. పెరగమని చెప్పే జన్యువులు మూగబోతాయి. (1960ల్లో గర్భనిరోధక మాత్ర కోసం వెతుకుతుంటే దొరికిన మందు ఇది. ఆ పనికి మాత్రం అక్కరకు రాలేదు!)

అయితే ఈ మందు ప్రధానంగా కణాన్ని అణచి ఉంచుతుంది, అంతే. ఎక్కడో మిగిలిన నాలుగు కణాలు మాత్ర ఆగితే మళ్లీ లేవొచ్చు. అయిదేళ్ల కోర్సు అందుకే. కొందరికి పదేళ్లు. ఈఆర్‌ పాజిటివ్‌ ఉండి అయిదేళ్లు వాడినవారిలో, ఆ అయిదేళ్లలో జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. 15 ఏళ్లలో ఈ క్యాన్సర్‌తో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. చవకైన ఒక మాత్రకు ఇది చిన్న ఫలితమేం కాదు.

మానేసేవారిని తప్పుపట్టడం తేలిక. ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం భరించేది ఆమే. ఇవన్నీ వస్తాయని, ఎందుకు వాడాలో ముందే అయిదు నిమిషాలు చెప్పే ఓపిక మన ఓపీల్లో కరవవుతోంది. కాబట్టి మీరే అడగండి. ఇబ్బందిగా ఉంటే ఆపకుండా డాక్టరుతో చెప్పండి, మందు మార్చే వీలుండొచ్చు. డిప్రెషన్‌కు పరాక్సిటిన్‌ వాడుతుంటే తప్పక చెప్పాలి, అది టమాక్సిఫెన్‌ బలాన్ని తగ్గిస్తుంది. ముట్లుడిగాక రక్తస్రావం కనిపించినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.