వెనుక గదిలో టీవీ

‘మంచం పట్టిన మా అత్తగారి గదిలో కేబుల్ కనెక్షన్ లేదు. అద్దె ఇల్లు కావడంతో గోడకు రంధ్రం చేయడానికి యజమాని ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?’ అని ఒక సోదరి అడిగారు.

సోదరీ! ఆ గదికి వైఫై బలంగా అందితే స్మార్ట్ టీవీకి కేబుల్ అవసరమే లేదు. కాని యాప్‌లు వెతుక్కోవడం వృద్ధులకు ప్రయాస. అందుకే మీ అత్తగారికి డిడి ఫ్రీ డిష్ మేలని నా అభిప్రాయం. ప్రసార భారతి 2004లో ప్రారంభించిన ఈ సేవకు నెలసరి చందా లేదు; డిష్‌కు, సెట్‌టాప్ బాక్సుకు ఒక్కసారి ఖర్చు పెడితే చాలు. కేబుల్‌లో వచ్చే తెలుగు ఛానళ్లన్నీ ఇందులో దొరకవు. యాదగిరి, సప్తగిరి, డిడి ఉర్దూ మాత్రం వస్తాయి. ఇంతకూ ఆమె చూడగోరేది ఏమిటో ముందుగా ఆమెనే అడిగారా?

మన ప్రాంతంలో డిష్ ఆగ్నేయం వైపు తిరిగి ఉండాలి. ఎదుట చెట్టుగాని, మేడగాని అడ్డు రాకూడదు. యజమాని అనుమతితో డాబాపై స్టాండు నిలిపి, గాలికి కదలకుండా బరువు పెట్టించండి. కిటికీ సందులో ఇమిడే పలుచని పట్టీ కేబుల్ దుకాణాల్లో దొరుకుతుంది కనుక గోడను ముట్టనక్కరలేదు. రేపు హాలులోనూ ఇదే డిష్ వాడదలిస్తే, ఒకే తీగను రెండుగా చీల్చకండి. కొన్ని ఛానళ్లు రాకపోవచ్చు. రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బి అమర్చమనండి.

పాత యాంటెన్నా కొనకండి. దూరదర్శన్ ఆ ప్రసార కేంద్రాలను చాలావరకు మూసివేసింది.

రిమోట్‌పై ఆమెకు అవసరమైన మూడు నాలుగు మీటలకు రంగు కాగితం అంటించండి.