వేళ్లు అతనివే... ఆదేశం ఎవరిది?

రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు ఆక్రమిత ఐరోపాకు పంపే ఏజెంట్లు మోర్స్ కోడ్ కొట్టే తీరును బ్రిటన్ రహస్య విభాగం ఎస్‌ఓఈ ముందే నమోదు చేసి ఉంచుకునేది. చుక్క, గీత కొట్టడంలో ఒక్కొక్కరిది ఒక్కో లయ. సందేశం పంపుతున్నది తమవాడో, శత్రువో పోల్చుకోవడానికి అది పనికొచ్చేది. 1942 మార్చిలో నెదర్లాండ్స్‌లో హ్యూబ్ లావర్స్ అనే రేడియో ఆపరేటర్ జర్మన్లకు పట్టుబడ్డాడు. వాళ్లు అతని చేతనే సందేశాలు పంపించారు. లయ అతనిదే. ముందుగా అనుకున్న భద్రతా సంకేతాన్ని మాత్రం అతను కావాలనే వదిలేశాడు. లండన్ పట్టించుకోలేదు. ఆ తర్వాత దింపిన ఏజెంట్లు వరసగా శత్రువు చేతికే చిక్కారు. దాదాపు 50 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఆ లయే ఇప్పుడు కీబోర్డుకు వచ్చింది. ఒక కీని ఎంతసేపు నొక్కిపట్టాం, తర్వాతి కీకి వెళ్లడానికి ఎంత వ్యవధి పట్టింది అన్నది మిల్లీసెకన్లలో కొలిచి సాఫ్ట్‌వేర్ మనకో నమూనా తయారు చేస్తుంది. 1980లోనే ర్యాండ్ సంస్థ టైపిస్టులపై దీన్ని పరీక్షించింది. పాస్‌వర్డ్‌ను దొంగిలించినంత సులువుగా లయను దొంగిలించలేరు. రక్షణ సంస్థల కంప్యూటర్లకు, బ్యాంకులకు ఇది మంచి అదనపు తాళమే. కాకపోతే వేలికి దెబ్బ తగిలినా, ఇంగ్లిష్ నుంచి తెలుగు టైపింగ్‌కు మారినా లయ తప్పుతుంది. అసలు మనిషే బయట నిలబడాల్సి వస్తుంది.

మన దేశంలో పెద్ద సమస్య మరోచోట ఉంది. 'డిజిటల్ అరెస్టు' మోసాల్లో నకిలీ పోలీసు వీడియో కాల్‌లో బెదిరిస్తుంటే డబ్బు బదిలీ చేసేది బాధితుడే. ఫోన్, ఓటీపీ, వేళ్లు అన్నీ అతనివే. యంత్రం అతణ్ని సరిగ్గానే గుర్తిస్తుంది, లావర్స్‌ను లండన్ గుర్తించినట్టే! తడబాటును బట్టి భయాన్ని పసిగట్టొచ్చని ఈ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు అంటారు. కావచ్చు. అనుమానం రాగానే లావాదేవీని కాసేపు ఆపి, బ్యాంకు ఉద్యోగి ఖాతాదారుతో మాట్లాడే ఏర్పాటు లేకపోతే ఆ హెచ్చరిక ఎవరికోసం?

ఇక గోప్యత. వేలిముద్ర ఇవ్వాలంటే వేలు పెట్టాలి. టైపింగ్ లయను మనకు తెలియకుండానే తీసుకోవచ్చు. పేరు దాచుకున్న ప్రజావేగును పట్టడానికీ అదే నమూనా పనికొస్తుంది. 2011 ఐటీ నిబంధనలు బయోమెట్రిక్స్‌కు ఉదాహరణలుగా చెప్పిన వేలిముద్ర, కనుపాప, గొంతు, ముఖం, డీఎన్‌ఏ వగైరాల్లో టైపింగ్ లేదు. 2023 డేటా రక్షణ చట్టం సున్నిత సమాచారమనే ప్రత్యేక తరగతే పెట్టలేదు. పైగా దేశభద్రత వంటి కారణాలతో ప్రభుత్వ సంస్థలను మినహాయించే వీలు కేంద్రానికి కల్పించింది. బ్యాంకులు ఈ అనుమతిని చాంతాడంత షరతుల్లో కలిపేయకుండా విడిగా అడగాలి. నమూనా దర్యాప్తు సంస్థల చేతికి వెళ్లాలంటే కోర్టు ఉత్తర్వు తప్పనిసరి చేయాలి.