మెంటార్‌కు రోస్టర్ ఉందా?

జాతీయ విద్యా విధానం 2020లో ఉపాధ్యాయుల ఎదుగుదల గురించి రాసిన పేరాలు పైకి బాగానే కనిపిస్తాయి. బాగా చదువు చెప్పే టీచరు పైకి రావాలంటే తరగతి గది వదిలి ఆఫీసు కుర్చీ ఎక్కనక్కర్లేదట. టీచరుగా ఉంటూనే మెట్లు ఎక్కవచ్చు, జీతం పెరుగుతుంది, కొత్తగా చేరినవాళ్లకు మెంటార్‌గా ఉండవచ్చు. సింగపూర్‌లో ఇలాంటి ఏర్పాటు ఇరవై ఏళ్లకు పైగా ఉంది. సీనియర్ టీచర్, లీడ్ టీచర్, మాస్టర్ టీచర్ అంటూ అక్కడ బోధనకే ఒక దారి వేశారు. ఆ ఆలోచనతో నాకు పేచీ లేదు. ఎక్కేదెవరు, ఎక్కించేదెవరు అన్న దగ్గరే పేచీ.

అర్హతను కొలిచేందుకు ఆ విధానం చెప్పినవి ఇవి: సహోద్యోగుల సమీక్ష, హాజరు, నిబద్ధత, శిక్షణలో గడిపిన గంటలు, బడికీ సమాజానికీ చేసిన సేవ. గంటలనూ హాజరునూ లెక్కపెట్టవచ్చు. నిబద్ధతను ఏ తక్కెడలో తూస్తారు? కొలంబియాలో చదివి వచ్చిన అంబేడ్కర్ 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే, కింది ఉద్యోగులు ఫైళ్లను దూరం నుంచే ఆయన బల్ల మీదికి విసిరారు. ఉండడానికి ఊళ్లో ఇల్లు దొరకలేదు. సహోద్యోగుల సమీక్ష అంటే మనకు ముందు గుర్తొచ్చేది అదే. ఇప్పుడు ఫైళ్లు విసరరు. స్టాఫ్‌రూంలో ఎవరి టిఫిన్ డబ్బా పక్కన ఎవరు కూర్చుంటారో చూస్తే చాలు.

మెంటార్ అనేది పోస్టా, బాధ్యతా? ఈ తేడాను మన విద్యావేత్తలు చిన్నదిగా చూస్తున్నారు. రాజ్యాంగంలోని 16(4ఎ) అధికరణ 1995లో 77వ సవరణ ద్వారా వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు పదోన్నతిలో రిజర్వేషన్ ఇవ్వడానికి అది వీలు కల్పిస్తుంది కానీ, అందులో ఉన్న మాట ‘పోస్టులు’. జర్నైల్ సింగ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు, ప్రాతినిధ్యం లెక్కలు కేడర్‌వారీగా తీయాలంది. పోస్టు లేకపోతే కేడర్ లేదు. కేడర్ లేకపోతే లెక్క లేదు, రోస్టర్ లేదు. ఢిల్లీ ప్రభుత్వం 2016లో రెండు వందల మంది మెంటార్ టీచర్లను ఎంచుకుంది. 2022లో కేంద్రం 30 కేంద్ర పాఠశాలల్లో అరవై మంది మెంటార్లతో ప్రయోగం మొదలుపెట్టింది. రెండు చోట్లా మెంటార్ అంటే ఎంపిక చేసి అప్పగించిన పనే, పదోన్నతితో వచ్చిన హోదా కాదు. గుజరాత్‌లో బడుల సమూహాలను చూసే సి.ఆర్.సి., బి.ఆర్.సి. కోఆర్డినేటర్లు డెప్యుటేషన్ మీద వెళ్లే టీచర్లే. డెప్యుటేషన్‌తో నింపే పోస్టులకు రిజర్వేషన్ వర్తించదని కేంద్ర ప్రభుత్వ నియమాలే చెబుతాయి. మెట్లన్నీ ఇలా డెప్యుటేషన్లతో, నామినేషన్లతో, సర్టిఫికెట్లతో కడితే రిజర్వేషన్‌ను ఎవరూ రద్దు చేయనక్కర్లేదు. దానికి వర్తించే చోటే ఉండదు.

ఈ మాట సూరత్ నుంచి రాస్తున్నాను కాబట్టి ఇక్కడి సంగతి చెప్పాలి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ ప్రాథమిక బడులు గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో నడుస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి సాంచెల పనికి వచ్చిన కుటుంబాల పిల్లల కోసమే ఆ తెలుగు బడులు. నా చదువు మొదలైంది అలాంటి బడిలోనే.

తెలుగు మాధ్యమంలో రెండో తరగతికి పాఠం చెప్పే కొత్త టీచరుకు మెంటార్‌గా తెలుగు చదవడం రానివాళ్లు వచ్చారనుకుందాం. వెనక బెంచీలో కూర్చుని ఫారం నింపుతారు. పిల్లలు వరుసగా కూర్చున్నారా, గోడ మీద చార్టులున్నాయా అని చూస్తారు. పిల్లవాడు ఇంట్లో తెలంగాణ తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడి, బడికొచ్చి పుస్తకంలోని తెలుగు ముందు నోరు మూసుకుంటాడు. వాడికి గుణింతాల దగ్గర తడబాటా, ఒత్తుల దగ్గరా, లేక ఆ మాటే ఎప్పుడూ వినలేదా? ఇది చెప్పగలిగేది అదే బడిలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు మాత్రమే.

అలాంటి ఒక దళిత టీచరు నాకు తెలుసు. పిల్లలు ఆమెను గుజరాతీ అలవాటు ప్రకారం ‘బెన్’ అంటారు. కొత్తగా ఎవరు చేరినా మొదటి నెల ఆమె పక్క గదిలోనే ఉంటారు. పాఠం ఎలా విడగొట్టాలో, షిఫ్టు దిగి వచ్చి నిద్రపోతున్న తండ్రితో ఎప్పుడు మాట్లాడాలో ఆమే నేర్పుతుంది. గుజరాత్ ప్రాథమిక టీచర్లకు 9, 20, 31 ఏళ్ల సర్వీసుకు వచ్చే పై స్కేలు ఆమెకూ వస్తుంది. నేర్పిన పనికి మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు. రేపు ‘మెంటారింగ్ అనుభవం’ రుజువు చూపమంటే ఆమె దగ్గర కాగితం ఉండదు. శిక్షణల్లో వేదికెక్కినవాళ్ల దగ్గర ఫైలు నిండా ఉంటాయి.

రోస్టర్ పెడితే చాలా? సూరత్‌లాంటి వలస నగరంలో చాలదు. ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయి వెళ్లిన ఒక ఎస్టీ కుటుంబం కొడుకు మెడికల్ సీటు కోసం వేసిన కేసులో (మర్రి చంద్రశేఖర్ రావు కేసు, 1990) సుప్రీంకోర్టు, ఉపాధి కోసం వేరే రాష్ట్రానికి వెళ్లినవారికి అక్కడ ఎస్సీ, ఎస్టీ హోదా రాదంది. కులం పేరు రెండు రాష్ట్రాల జాబితాల్లో ఉన్నా సరే. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్ర ఉద్యోగాల విషయంలో అదే నిలబెట్టింది. అంటే తెలుగు నుంచి వచ్చిన మాల, మాదిగ టీచరును సూరత్‌లో కులం వెంటాడుతుంది, సర్టిఫికెట్ వెంట రాదు. వణకర్, వాల్మీకి టీచర్లకు రోస్టర్ కావాలి. వీళ్లకు రోస్టర్‌తో పాటు మాధ్యమంవారీ వాటా కూడా కావాలి.

నిచ్చెన కిందే నిలబడి ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. గుజరాత్ 2023లో జ్ఞాన్ సహాయక్ పథకం తెచ్చింది. పదకొండు నెలల కాంట్రాక్టు, ప్రాథమిక స్థాయిలో నెలకు 21,000 రూపాయలు. టెట్ పాసై శాశ్వత ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు రోడ్డెక్కింది అందుకే. మెంటార్ అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది వీళ్లకే, కానీ నేర్చుకున్నది పాకానికి వచ్చేలోపు కాంట్రాక్టు ముగుస్తుంది. కెరీర్ అన్న మాటకు పదకొండు నెలల్లో అర్థమేమిటో విధానం రాసినవాళ్లే చెప్పాలి.

అన్నిటికీ సీనియారిటీ ఒక్కటే చాలు అనే సంఘాల వాదన కూడా నేను ఒప్పుకోను. తలుపులు ఆలస్యంగా తెరుచుకున్నవాళ్లు ఆ వరుసలో వెనకే ఉంటారు. 2001లో 85వ సవరణ అవసరమైంది అందుకే.

ఒక్కో మాధ్యమంలో సి.ఆర్.సి., బి.ఆర్.సి. డెప్యుటేషన్ల మీద ఇప్పటివరకు వెళ్లినవాళ్లు ఎందరు, వాళ్లలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు ఎందరు, మహిళలు ఎందరు అన్న లెక్క ముందు బయట పెట్టాలి. సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తుతో అడగవచ్చు. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎడ్., పిహెచ్.డి. చేస్తున్న మన పిల్లలు జాతీయ విద్యా విధానం మీద పేపర్లు చదివే ముందు ఆ దరఖాస్తు పెట్టాలి. దాన్ని గుజరాతీలో రాసిపెట్టడానికి నేను సిద్ధం.