సంపాదకుని మాట: ఏ దిక్కున బస?

ముంబయి మహానగరమును ప్రథమమున దర్శింపనేగు పాంథునకు బస యెచ్చటనన్న ప్రశ్న వ్యయమునకెంత సంబంధించినదో, నగరమును ఏ దిక్కునుండి పరిచయము చేసికొనవలెనన్న కుతూహలమునకును అంత సంబంధించినది. 1903లో ద్వారములు తెరచిన తాజ్ మహల్ హోటలు తూర్పున రేవునకు అభిముఖమై, 1924లో పూర్తియైన గేట్‌వే ఆఫ్ ఇండియా చెంతనే నిలిచి, సూర్యోదయమును, ఎలిఫెంటా గుహలకేగు పడవలను కనులముందుంచును. కడలిని పూడ్చి సంపాదించిన నారీమన్ పాయింటున వెలసిన ఒబెరాయ్ హోటలు పడమట సాంధ్యరాగమును, మెరైన్ డ్రైవు దీపమాలికను చూపును. చరిత్రాసక్తులకు మొదటిదియు, సాయంకాల విహారప్రియులకును చర్చిగేటునుండి లోకల్ రైళ్ళలో తిరుగదలచువారికిని రెండవదియు అనుకూలములని మా అభిప్రాయము. రెండింటి అద్దెయు భారమైనవారు ఆ ప్రాంతములందే చిన్న బస చూచుకొనిన, ఆ ఉదయాస్తమయములు ఉచితముగనే లభించును. యాత్రలకంకితమైన ఈ సంచిక ఇట్టి నిర్ణయములకు తోడ్పడుగాక!