ఉయ్యాలలో పేరు, పంచాంగంలో అక్షరం

ఒక ఇల్లు. ఆ ఇంట్లో అమ్మ, నాన్న, ఐదుగురు పిల్లలు. వీళ్లెవరూ నిజం మనుషులు కారు. అయినా పిల్లలకు పేర్లు కావాలి, అవన్నీ ఒకే వరసలో ఉండాలి. నదుల వరస అనుకుంటే కృష్ణవేణి, యమున, నర్మద, గౌతమి, సింధు. పూల వరసయితే ఇంకా సులువు. కథలు రాసేవాళ్లూ, రాయాలని ఉబలాటపడే పిల్లలూ నోటుపుస్తకాల చివరి పేజీల్లో ఆడుకునే ఆట ఇది. చక్కని ఆట. మాట మీద మమకారం పెంచుతుంది, ఎవరినీ నొప్పించదు.

పాత్ర గుణానికి తగిన పేరు వెతకడం ఈ ఆటలో పై మెట్టు. అందులో గురజాడను మించినవాడు మనకు లేడు. 1892లో విజయనగరంలో రంగస్థలమెక్కి 1897లో అచ్చయిన కన్యాశుల్కం చూడండి. డబ్బు కోసం ప్రాణమిచ్చే ముసలివాడు లుబ్ధావధాన్లు. మాటకు ముందే భగ్గుమనేవాడు అగ్నిహోత్రావధాన్లు. మాటతోనే మనుషుల్ని గెలిచేది మధురవాణి. ఎత్తుల మీద ఎత్తులు వేసే కరటకశాస్త్రికి పంచతంత్రంలో నక్క పేరు. పేరూ గుణమూ ఇంతగా అతకడంలో మాయ ఏమీ లేదు. రెండూ ఒకే కలం రాసింది. గుణం ముందు పుట్టింది, దానికి తగిన పేరు తరువాత వచ్చింది.

నిజం బిడ్డ విషయంలో ఈ క్రమం తలకిందులవుతోంది. గుణం ఇంకా ఏర్పడలేదు, బతుకు ఇంకా మొదలే కాలేదు. అయినా పేరు పెడితే బతుకు దాని వెంట నడుస్తుందని పెద్దవాళ్లు నమ్ముతున్నారు. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పేరు రాయించి, బిడ్డ చెవిలో చెప్పడం ముచ్చటైన వేడుకే. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ పేరు ఏ అక్షరంతో మొదలవ్వాలో తల్లిదండ్రులు కాక పంచాంగం తేల్చడం మీదే నా అభ్యంతరం.

పంచాంగం లెక్క ఇది. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు. బిడ్డ పుట్టినప్పుడు చంద్రుడు ఏ పాదంలో ఉన్నాడో చూసి ఆ అక్షరంతో పేరు పెట్టాలి. అశ్వినికి చు, చె, చొ, ల. ఆర్ద్రకు కు, ఘ, ఙ, ఛ. హస్తకు పు, ష, ణ, ఠ. ఇప్పుడు ణతోనో ఙతోనో మొదలయ్యే తెలుగు పేరు ఒక్కటి చెప్పండి. లేదు. తెలుగులో మాటే అలా మొదలుకాదు. మరి హస్త మూడో పాదంలో పుట్టిన పాప గతేమిటి? ణకు బదులు న పెట్టుకోవచ్చని సర్దుబాటు చెబుతారు. కానీ ఇదే పట్టికలో న, ని, ను, నె అనూరాధవి. ఒక్క సర్దుబాటుతో పాప హస్త నుంచి అనూరాధకు మారిపోయింది. శబ్దానికీ నక్షత్రానికీ నిజంగా ముడి ఉంటే ఈ మార్పు ప్రమాదం కావాలి. ఎవరూ ప్రమాదం అనరు, ఎందుకంటే ఆ ముడి లేదని లోపల అందరికీ తెలుసు.

చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అంటే ఒక్కో పాదం దాదాపు 6 గంటలు. మన దేశంలో ఏటా 2 కోట్ల మందికి పైగా పుడుతున్నారు. లెక్కకడితే ఒక్కో పాదానికి 13 వేల మందికి తక్కువ కాకుండా పిల్లలుంటారు. పాడేరు కొండ మీద పురిటి నొప్పులు పడుతూ డోలీలో ఆసుపత్రికి చేరిన తల్లి బిడ్డకూ, జూబ్లీహిల్స్‌లో ముందే గది తీసుకున్న తల్లి బిడ్డకూ ఒకటే అక్షరం. ఆ ఇద్దరి భవిష్యత్తును వేరు చేసేది ఏదో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

ఒకే వరస పేర్లకు మన దగ్గర అతి పాత ఉదాహరణ కౌరవులు. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, దుర్ముఖుడు, దుస్సహుడు, చెల్లెలు దుశ్శల. నిండు సభలో ద్రౌపది పక్షాన నోరు విప్పిన తమ్ముడు వికర్ణుడు. అతని పేరులో దు లేదు కదా, అందుకే మంచివాడయ్యాడని ఎవరైనా అనవచ్చు. వివింశతి, చిత్రసేనుడు కూడా ఆ ఇంటివాళ్లే. వాళ్ల పేర్లలోనూ దు లేదు, వాళ్లు నోరు మెదపలేదు. పైగా పంచాంగంలో దు ఉత్తరాభాద్ర మొదటి పాదానిది. ఆ పాదంలో పుట్టిన అమ్మాయికి దుర్గ అని పేరు పెట్టి పసుపు కుంకుమలతో మొక్కుతాం. అదే అక్షరం ఒక ఇంట్లో దేవత, ఇంకో ఇంట్లో దుర్మార్గం. అక్షరానికి గుణం లేదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఈ మధ్య పంచాంగం కన్నా సంఖ్యాశాస్త్రం జోరు ఎక్కువైంది. ఇంగ్లీషు అక్షరాలకు అంకెలు వేసి, కూడి, ఫలం చెబుతారు. రామ అన్న పేరునే తీసుకుందాం: ఆర్, ఏ, ఎం, ఏ. కాల్డియన్ పద్ధతిలో 2, 1, 4, 1 కలిపితే 8. అది శని అంకె, కష్టాలు తప్పవంటారు. పైథాగరస్ పేరు తగిలించిన పద్ధతిలో 9, 1, 4, 1 కలిపితే 15, అంటే 6. అది శుక్రుడి అంకె, సుఖాలే సుఖాలంటారు. మనిషి ఒకడే, పేరు ఒకటే, ఊపిరి ఒకటే. ఏ గ్రహం అతన్ని పట్టుకున్నదో తేలేది అతను ఏ సలహాదారు గడప తొక్కాడన్న దాన్ని బట్టి. పరభాష లిపిలో మన పేరు ఎలా రాస్తామన్నది గుమస్తా అలవాటు, బడిలో మాస్టారి అలవాటు. దాని మీద గ్రహాలు పనిచేస్తాయనడం అన్యాయమైన మాట. ఆ మాట నమ్మి పేరులో ఇంకో ఏ ఇరికించుకున్నవాళ్లు పదో తరగతి సర్టిఫికెట్‌కూ ఆధార్‌కూ పాస్‌పోర్టుకూ పొంతన కుదరక, అఫిడవిట్లతో గెజిట్ ప్రకటనలతో కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. శని ఉన్నా లేకపోయినా ఈ కష్టం మాత్రం నిజం.

పేరు ప్రాణం కాపాడుతుందన్న నమ్మకం మాత్రం నన్ను కోపం కన్నా ఎక్కువ బాధపెడుతుంది. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, తరువాత పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అన్నారు, ఆడపిల్లయితే పెంటమ్మ. ఎంగిలి విస్తరిలో పడుకోబెట్టి పుల్లయ్య అన్నారు. ఇంత నీచమైన పేరున్న బిడ్డను చావు కూడా ముట్టదని ఆశ. ఆ తల్లులను తప్పుపట్టలేను, వాళ్ల చేతిలో ఇంకే ఆయుధమూ లేదు. 1971లో మన దేశంలో వెయ్యిమంది పిల్లలు పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28. ఈ మధ్యకాలంలో పెంటయ్యలు తగ్గారు తప్ప పెరగలేదు. బిడ్డల్ని నిలబెట్టింది టీకా, ఆసుపత్రి కాన్పు, మంచినీళ్లు, విరేచనాలకు ఇచ్చే ఉప్పూ పంచదార నీళ్లు.

అదే నమ్మకం ఇంకో చోట క్రూరమైంది. మహారాష్ట్రలో ఆడపిల్ల మీద ఆడపిల్ల పుడితే, వచ్చేసారైనా మగపిల్లవాడు పుడతాడని పాపకు నకుశా అని పేరు పెట్టారు, అక్కర్లేనిది అని అర్థం. 2011లో సతారా జిల్లాలో అలాంటి 200 మందికి పైగా బాలికలకు అధికారుల సమక్షంలో కొత్త పేర్లు పెట్టాల్సి వచ్చింది. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము. దానికి అక్క పేరు వినపడదు.

జాతకం పనిచేస్తుందో లేదో పరీక్షించినవాళ్లూ ఉన్నారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం 2008లో మహారాష్ట్రలో చురుకైన విద్యార్థుల జాతకాలనూ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలనూ కలిపి, ఏది ఎవరిదో చెప్పమని జ్యోతిష్కులను అడిగింది. జవాబులు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా అంతకు తగ్గదు. మన పిల్లల మొదటి అక్షరం తీస్తున్నది ఈ జాతకం నుంచే.

వరస పేర్లు పెట్టడం తప్పేమీ కాదు. నాస్తికోద్యమ నాయకుడు గోరా తన పిల్లలకు కాలాన్ని బట్టి పేర్లు పెట్టాడు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానానికి నౌ. పంచాంగం చూసి పెట్టిన పేర్లు కావు ఇవి. లవణం వినోబా భావే ఉపన్యాసాలను తెలుగు చేశాడు, జాషువా కూతురు హేమలతను కులం దాటి పెళ్లి చేసుకుని ఆమెతో కలిసి స్టూవర్టుపురంలో పనిచేశాడు, 2015 దాకా జీవించాడు. యుద్ధం పేరు పెట్టుకున్న సమరం విజయవాడలో వైద్యుడై, జనం అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలకు పత్రికల్లో జవాబులు రాశాడు. ఆ పేర్లు పుట్టిన ఏడాదినో, పుట్టిన వరసనో గుర్తుచేశాయి. అంతకుమించిన పని వాటికి ఆ ఇంట్లో ఎవరూ అప్పజెప్పలేదు.

అమెరికాలో ఉన్న మన కుటుంబాల్లో కొందరు ఒక రాజీమార్గం కనిపెట్టారు. నచ్చిన పేరు ముందు, జ్యోతిష్కుడు ఇచ్చిన అక్షరంతో ఇంకో పేరు మధ్యలో. ఊళ్లో తాతయ్య ఊరుకుంటాడు, బడిలో టీచరుకు నోరు తిరుగుతుంది. నాకు ఈ రాజీ నచ్చదు. నమ్మని భయాన్ని కాగితాల మీదికెక్కించి బిడ్డకు అప్పగించడం అది. ఆ మధ్య చోటులో నాయనమ్మ పేరు పెట్టండి, ఊరి ఏటి పేరు పెట్టండి, అమ్మకు ఇష్టమైన నవలలోని పేరు పెట్టండి. పదేళ్లకు పిల్ల వచ్చి ఈ పేరెందుకు పెట్టారని అడిగితే నాయనమ్మ గురించి ఓ పూటంతా చెప్పవచ్చు. హస్త మూడో పాదం గురించి చెప్పడానికేముంది?