తీర్చిన అప్పు కోర్టులోను తీరవలెను

అబ్దుల్లాపూర్‌మెట్ ప్రాంతమున హైదరాబాదు–విజయవాడ రహదారి వెంబడి భూముల ధర హెచ్చినది. భూమి విలువ హెచ్చినకొలది రైతు తన అప్పు కాగితముల యెడల అధిక జాగ్రత్త వహింపవలెనని మా మనవి.

సొమ్ము డిక్రీ అయినంతమాత్రమున భూమి ఋణదాతది కాజాలదు. అతడు 12 సంవత్సరములలోగా అమలు దరఖాస్తు పెట్టి, జప్తు, వేలము జరిపింపవలెను. అప్పుడు సయితము 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను రైతు కాపురముండు ఇంటిని, సేద్యపు పనిముట్లను, జీవనమునకు అవసరమని కోర్టు తలచిన పశువులను, విత్తనములను జప్తునుండి కాపాడుచున్నది.

అయితే మనవారు పలువురు పెద్దమనుష్యుల యెదుట సొమ్ము చెల్లించి, ఋణము తీరినదని నిశ్చింతగా నుందురు. డిక్రీ విషయమున ఇది చాలదు. కోర్టులో నమోదు కాని చెల్లింపును అమలు జరుపు కోర్టు అంగీకరింపదు. కావున బ్యాంకు ద్వారా చెల్లించుటయో, రసీదు వ్రాయించుకొనుటయో చేయవలెను. ఋణదాత కోర్టుకు తెలుపనియెడల రైతే 30 దినములలో దరఖాస్తు పెట్టుకొనవలెను.

ఐ.పి. పెట్టిన తనఖా తొలగునని కొందరి భ్రమ. 1920 నాటి దివాలా చట్టము తనఖాదారుని హక్కును ముట్టదు. తనఖా సొమ్ము ముట్టజెప్పిన పిమ్మట విడుదల పత్రము రిజిష్టరు చేయించి, ఈ.సీ. తీయించి చూచుకొనవలెను.

ప్రతి సంఘమును తన సమావేశములలో సభ్యుల కోర్టు కాగితములను చదివి వినిపించు ఏర్పాటు చేయుట మిగుల అవసరమని మా అభిప్రాయము. అప్పు ఇచ్చుటతో సంఘము ధర్మము ముగియదు.