స్వతంత్ర సభ్యుడును వోటు లెక్కయు

ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ‘స్వతంత్రుడు’ అను మాట మన జనులకు మిక్కిలి యింపుగా వినబడును. కక్షలతో విసిగినవారు, ఏ పక్షమునకును చెందని యొకడు కానబడినంతనే, అతని నడతను పరీక్షింపకయే నమస్కరింతురు. ఈ నమస్కారము మాకు సమ్మతము కాదు. స్వతంత్రుడు వేరు, స్వైరి వేరు. తన నియమమును తానే యేర్పరచుకొని దానికి కట్టుబడువాడు స్వతంత్రుడు. ఏ నియమమునకును లోబడనివాడు స్వైరి. పార్లమెంటున కూర్చున్న సభ్యుడు వీరిలో నెవ్వడో చెప్పుటకు అతని యెన్నికల గుర్తు చాలదు, ఉపన్యాసములును చాలవు. అతడిచ్చిన వోట్ల లెక్కయే సాక్ష్యము. ఆ సాక్ష్యము మనకు దొరకుచున్నదా?

మా జిల్లా చరిత్రలోనే ఇందుకొక దృష్టాంతము కలదు. 1967 లో అనంతపురము జిల్లా ఇల్లూరున జన్మించిన నీలం సంజీవరెడ్డిగారు హిందూపురమునుండి కాంగ్రెసు పక్షమునను, తెన్నేటి విశ్వనాథముగారు విశాఖపట్టణమునుండి స్వతంత్రులుగాను లోక్‌సభకు వచ్చిరి. ఆ మార్చిలోనే స్పీకరు పదవికి వీరిరువురును పోటీపడిరి. సంజీవరెడ్డిగారికి 278, విశ్వనాథముగారికి 207 వోట్లు వచ్చెను. గెలిచినవారు తమ పక్ష సభ్యత్వమును వదలుకొనిరి. వోట్లు సరిసమానమైనప్పుడు తప్ప స్పీకరునకు వోటు లేదు గనుక, వారి తటస్థతకు వేరు నిదర్శనము అక్కరలేకపోయెను. విశ్వనాథముగారివంటి స్వతంత్ర సభ్యుని సంగతి యట్టిది కాదు. అతని చేతిలో వోటున్నది. దాని నెటు వేసెనో వ్రాతలో నున్నప్పుడే అతని స్వాతంత్ర్యము నిజమని తేలును.

1969 లో సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచి, స్వతంత్రాభ్యర్థి వి.వి. గిరిగారిచేత 4,05,427 కు 4,20,077 వోట్ల విలువతో ఓడిపోయిరి. అంతరాత్మ ప్రబోధమను మాట ఆనాడు దేశమంతట మారుమ్రోగెను. కాని యది రహస్య బ్యాలెట్టు. ఎవరి యంతరాత్మ యేమి చెప్పెనో చూపు వ్రాత లేదు. రాష్ట్రపతి యెన్నికకు ఆ రహస్యమును రాజ్యాంగమే విధించినది. శాసనములకు విధింపలేదు. అయినను అక్కడ గూడ చీకటియే మిగులుచున్నది.

సభలో వోటు తీయు పద్ధతిని చూడుడు. స్పీకరు ప్రశ్నను సభముందుంచగా కొందరు ‘అవును’ అనియు కొందరు ‘కాదు’ అనియు కేకవేయుదురు. ఏ ధ్వని హెచ్చో విని ఫలితము చెప్పుదురు. ఇదియే మూజువాణి వోటు. దీని నెవరైన కాదని డివిజను కోరినప్పుడే పేరు పేరున వోటు నమోదగును. ఆ కోరిక అనవసరమని తోచినచో స్పీకరు సభ్యులను నిలువబెట్టి తలలు లెక్కింపవచ్చును. అప్పుడు పేర్లు వ్రాయబడవు. 2014 ఫిబ్రవరి 18 న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో మూజువాణితోనే నెగ్గెను. ఆ సమయమున ప్రత్యక్ష ప్రసారమును నిలిచిపోయెను. విభజన మంచిదా చెడ్డదా యన్నది ఇచట మా ప్రశ్న కాదు. కోట్ల జనుల భవిష్యత్తును తేల్చిన ఆ తుదినిర్ణయమున మన ప్రతినిధులు ఎటు పలికిరో చూపు పేర్ల పట్టిక లేకపోవుట న్యాయమా?

పక్ష సభ్యుని విషయమున ఈ చీకటి కొంత పలుచన. పక్షము విప్పు జారీచేయును. 1985 లో వచ్చిన పదవ షెడ్యూలు ప్రకారము దానిని మీరినవాడు స్థానము కోల్పోవచ్చును. కావున పక్షము మాట తెలిసినచో సభ్యుని వోటు నూహింపవచ్చును. స్వతంత్రునకు విప్పు లేదు. గెలిచిన పిదప నొక పక్షమున చేరినచో అతని స్థానము పోవును గాని, చేరకయే యైదేండ్లును ఒకే పక్షమునకు చేయెత్తినచో ఏ షెడ్యూలును అతని నడ్డదు. మూజువాణి అందరి వోటర్లకును అన్యాయమే. స్వతంత్రుని నెన్నుకొన్నవారికి రెండింతల యన్యాయము. పక్షమను ఆనవాలును వారు ముందే వదలుకొనిరి. వోటను ఆనవాలును పిదప పోగొట్టుకొనిరి.

వోటరు బ్యాలెట్టు రహస్యమైనప్పుడు సభ్యునిది ఏల కారాదని కొంద రడుగుదురు. వోటరు తన యధికారముతో వోటు వేయును. సభ్యుడు మన యధికారముతో వేయును. అప్పగించినవానికి లెక్క చెప్పనక్కరలేదను గుమాస్తా నెవరును కొలువున నుంచుకొనరు. ప్రతినిధి తన బుద్ధిననుసరించి నడువవలెనని 1774 లో బ్రిస్టలు వోటర్లకు ఎడ్మండు బర్కు చెప్పలేదా యని ఆంగ్లము చదివినవారు వాదింతురు. చెప్పెను, కాని వారి మొగము ముందే చెప్పెను. దాచి నడువలేదు. ఆ కామన్సు సభయే 1836 నుండి సభ్యుల వోట్ల పట్టికలను తానై ప్రకటింపసాగెను.

ఇక ఒంటరి వోటునకు విలువ యేమని యడుగువారున్నారు. 1970 సెప్టెంబరు 5 న రాజభరణముల రద్దు బిల్లునకు రాజ్యసభలో 149 మంది అనుకూలురు, 75 మంది ప్రతికూలురు. మూడింట రెండువంతులకు 150 కావలసి యుండెను, బిల్లు పడిపోయెను. 1999 ఏప్రిల్ 17 న వాజపేయిగారి ప్రభుత్వము 269 కి 270 గా, ఒక్క వోటుతో కూలెను.

సభలో నిచ్చిన వోటునకు సభ్యుని న్యాయస్థానమునకు లాగరాదని రాజ్యాంగపు 105 వ యధికరణము రక్షణ నిచ్చినది. లంచము పుచ్చుకొని వేసిన వోటునకు ఆ రక్షణ లేదని సుప్రీముకోర్టు చెప్పుటకు 2024 మార్చి 4 వరకు పట్టెను. లంచము లేని వోటును విచారించు న్యాయస్థానము వోటరు తప్ప వేరొకటి లేదు. ఆ న్యాయస్థానమునకు సాక్ష్యమే యందనిచో తీర్పేమి చెప్పగలదు?

మా సీమ చెరువుల క్రింద నీరుగంటి తూమెత్తునప్పుడు ఆయకట్టు రైతులు గట్టుమీద నిలిచి చూచెడివారు. అతడు దొంగయని కాదు, నీరు తక్కువ గనుక. నేడు తుంగభద్ర నీటికై రాష్ట్రములు పెనగులాడినచో, ఆ తగవును తీర్చు పద్ధతి 1956 లో పార్లమెంటు చేసిన చట్టములో నున్నది. మన తూము అంత దూరమున నున్నప్పుడు గట్టుమీది చూపు మరింత కావలెను.

కావున స్వతంత్రుడు మన గడపకు వచ్చినప్పుడు అతని నిరాడంబరతను పొగడుట మాని రెండు మాటలు అడుగవలెను: ముఖ్యమైన ప్రతి బిల్లునకును లేచి డివిజను కోరుదువా? సమావేశము ముగిసిన ప్రతిసారియు నీ వోట్ల పట్టికను కారణములతో తెలుగున అచ్చొత్తించి మాకు పంపుదువా? మొదటిదానికి సభ యొప్పకపోవచ్చును. రెండవదానికి ఎవరి యనుమతియు నక్కరలేదు. దానికిని సందేహించువాడు పక్షమునుండి స్వతంత్రుడు కాడు, మననుండి స్వతంత్రుడు. అట్టివానికి మన వోటు వలదు.